మొదటి రోజు మెల్లగా

చిరంజీవి సుభాషిణికి,

మీ మొగిలి కాక, మీ చిన్నమ్మ కట్టమ్మ దీవిస్తూ రాస్తున్నాము. ఆమె మోకాళ్లు, నా చెవులు తప్ప ఇక్కడ అంతా బాగానే ఉంది. ఫోన్ చేయలేదని అనుకోకు. ఫోన్‌లో నువ్వు చెప్పింది నాకు వినపడదు, మీ చిన్నమ్మేమో పక్కన కూర్చుని నువ్వు చెప్పనిది కూడా చెబుతుంది. ఉత్తరమే నయం.

మన వినయ్ రాష్ట్ర ఈత పోటీల్లో దిగుతున్నాడని, పోటీలు ఈసారి వరంగల్‌లోనే అని మా పక్కింటి యాకయ్య చెప్పాడు. సంతోషం పట్టలేకపోయాను. వాడికి మేధో వైకల్యం అని కాగితాల్లో రాస్తారు గదా, నాకైతే వాడు మాట అర్థం చేసుకోవడానికి జర టైమ్ తీసుకుంటాడు, అంతే. మీ చిన్నమ్మకు పెళ్లయిన నాటి నుంచి నా మాట అర్థం కాలేదు, ఆమెకు ఎవరూ ఏ కాగితమూ ఇవ్వలేదు.

ఇక పనికొచ్చే మాట. మొదటి రోజు ఉత్తుత్తి ఈత అట, తర్వాత అసలు పోటీ అట. ఉత్తుత్తి ఈతలో బలమంతా చూపించేవాడు పిచ్చోడు. నేను కబడ్డీలో మొదటి కూతకు కుంటుకుంటూ పోయేవాణ్ణి. అవతలి వాళ్లు నవ్వేవాళ్లు. రెండో కూతకు ముగ్గుర్ని తాకి వచ్చేవాణ్ణి. అందుకే వినయ్‌కి వాడి పేరు మీదే వేరుగా కార్డు రాశాను, "మొదటి రోజు మెల్లగా ఈదు, ఆఖరి రోజు చూపించు" అని. నువ్వు ఫికర్ చేయకు, వాడి సంగతి నేను చూసుకుంటాను.

ఆశీస్సులతో,
మొగిలి కాక

తా.క. ఉత్తరం కాబట్టి పుస్తకాల భాషలో రాస్తున్నాను. కోపమొస్తే మన భాష వస్తుంది. అట్లా వస్తే కోపమొచ్చిందని తెలుసుకో.

*

హనుమకొండ

ప్రియమైన కాకకు నమస్కారాలు.

నీ ఉత్తరం అందింది. వినయ్ కార్డు కూడా అందింది, అదే నా పరేషాన్. వాడి పేరు మీద ఉత్తరం రావడం ఇదే మొదటిసారి. దిండు కింద పెట్టుకుని పడుకుంటున్నాడు. మీ అల్లుడు హరికృష్ణ ఆ కార్డు చదువుతానంటే "తాత నాకు రాసిండు, నీకు కాదు" అని లాక్కున్నాడు.

కాకా, ఇది కబడ్డీ కాదు. మొదటి రోజు అందరినీ ఈదించి చూసేది ఎందుకంటే, దాదాపు ఒకే జోరు ఉన్నవాళ్లను ఒక గుంపుగా వేయడానికి. మెల్లగా ఈదేవాళ్లది ఒక గుంపు, నడిమి వాళ్లది ఒకటి, జోరుగా ఈదేవాళ్లది ఒకటి. ఎవరి గుంపులో వాళ్లకే అసలు పోటీ. ప్రతి గుంపులో మొదట వచ్చినవాళ్లు జాతీయ పోటీలకు పోతారు. అందుకని ఎవరైనా మొదటి రోజు కావాలని మెల్లగా ఈది, కింది గుంపులో చేరి, అసలు పోటీలో దూసుకుపోతే పేరు కొట్టేస్తారు. మెడల్ లేదు, జాతీయ పోటీలూ లేవు.

వినయ్‌కి నేను చెప్పి చూశాను. "తాత మెల్లగ పొమ్మన్నడు" అంటాడు. కోచ్ మహిపాల్ సార్ చెప్పినా అదే మాట. వాడు ఈ పోటీ కోసం తొమ్మిదేళ్లుగా నీళ్లలో ఉన్నాడు. దయచేసి వెంటనే ఇంకో కార్డు రాయి.

నీ బిడ్డ,
సుభాషిణి

తా.క. చిన్నమ్మకు నీ మాట బాగానే అర్థమవుతుందని నా అనుమానం.

*

సుభాషిణికి దీవెనలు.

గిదేం ఆట బిడ్డా? జోరుగ ఈదితే పేరు కొట్టేసుడా? ఈత పోటీ పెట్టింది ఎందుకు, మునిగేటోళ్లను చూసెటందుకా? మన పిల్లగాడు అందరికన్న ముందు పోతాండని ఎవడో కడుపుమంటోడు పెట్టిన రూలు ఇది. ఎవడో పేరు చెప్పు. సర్పంచ్‌తో పిటిషన్ రాయిస్త.

యాకయ్యకు నీ ఉత్తరం చదివి వినిపించాను. వాడు రెండుసార్లు విని, "మొగిలన్నా, రూలు మంచిదే. నీ అసొంటోళ్ల కోసమే పెట్టిన్రు" అన్నాడు. వాడితో రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు ఆలోచిస్తే నిజమే అనిపించింది.

వినయ్‌కి ఇంకో కార్డు వేశాను. "మొదటి రోజే జోరుగా ఈదు, తాతా" అని పెద్ద అక్షరాలతో రాశాను. ఇక నిశ్చింతగా ఉండు.

మొగిలి కాక

తా.క. మొదటి కార్డు చింపెయ్యమని రాయడం మరిచిపోయాను. పెద్ద విషయం కాదు గదా?

*

హనుమకొండ

కాకకు నమస్కారాలు.

పెద్ద విషయమే.

మొదటి రోజు ఈత అయిపోయింది. పూల్ ఈ చివర నుంచి ఆ చివరికి పోయి, గోడ తాకి తిరిగి రావాలి. విజిల్ వేశారు. అందరూ దూకి పోతున్నారు. మన వినయ్ గ్యాలరీలో ఉన్న నన్ను చూసి నవ్వుతూ, బంధువుల ఇంటికి పోతున్నట్టు తీరిగ్గా పోయాడు. మహిపాల్ సార్ నెత్తి పట్టుకుని కూర్చున్నాడు. అవతలి గోడ తాకగానే మాత్రం ఏమైందో, ఒక్క ఊపున తిరిగాడు కాకా! నీళ్లు రెండు వైపులా లేచాయి. ఆ రావడం రావడం ముగ్గుర్ని దాటాడు.

బయటికి వచ్చాక అడిగితే చాలా గర్వంగా చెప్పాడు. "పోయేటప్పుడు తాత మొదటి కార్డు. వచ్చేటప్పుడు తాత రెండో కార్డు."

వాణ్ణేమనాలి? రెండు కార్డుల మీదా నీ సంతకమే ఉంది.

దాంతో వాణ్ణి నడిమి గుంపులో వేశారు. ఆ రాత్రే గాలివాన వచ్చింది. పూల్ పక్కన షెడ్డు రేకులు లేచి నీళ్లలో పడ్డాయి. అంతా శుభ్రం చేయాలి కాబట్టి అసలు పోటీ మూడు వారాలు వాయిదా వేశారు. వేరే జిల్లాల పిల్లలంతా వెనక్కి పోయారు.

ఇప్పుడు మహిపాల్ సార్ నా ముందు ఒక మాట పెట్టాడు. "అక్కా, పిల్లగాడు మొదటి రోజు పూర్తిగ ఈదలేదని నేను రాసిస్తే పై గుంపుల వేస్తరు. రాసిచ్చుడే కరెక్ట్. కాని అక్కడ ఖమ్మం పిల్లగాడు కిరణ్ ఉన్నడు, మనోన్ని రెండేండ్ల సంది ఓడగొడుతాండు. నడిమి గుంపులనే ఉంటే మెడల్ ఖాయం, జర ఆపుకొని ఈదాలె గంతే. తల్లివి నువ్వు, నీకు చెప్పకుండ రాయ."

ఏం చేయాలో ఆలోచిస్తున్నాను.

సుభాషిణి

తా.క. వినయ్ రోజూ పోస్ట్‌మ్యాన్ కోసం గేటు దగ్గర నిలబడుతున్నాడు. నీకు దండం పెడతాను, మూడో కార్డు రాయకు.

*

సుభాషిణికి,

ఆలోచించేది ఏమున్నది బిడ్డా? నోటికాడి బుక్కను ఎవరన్న కాలదన్నుకుంటరా? నడిమి గుంపుల మొదట వస్తే ఇచ్చేది బంగారు మెడల్ గదా? దాని మీద "నడిమి" అని రాసుంటదా? జాతీయ పోటీల రైలు టికెట్ మీద రాసుంటదా? నేను ఊర్ల అందరికీ చెప్పిన. డప్పులోళ్లకు మాట ఇచ్చిన. ఇప్పుడు పై గుంపుల వేసి ఓడగొట్టుకొని రా, మంచిగుంటది!

ఆపుకుని ఈదమని చెప్పడం నీకు రాకపోతే నేను చెబుతాను. నా మాట వాడు కాదనడు.

మొగిలి

తా.క. నాకేమీ కోపం రాలేదు.

*

హనుమకొండ

కాకా,

నువ్వు అడిగింది నిజమే. మెడల్ మీద నడిమి అని రాసి ఉండదు. బహుశా వాడికీ తెలియదు. కానీ నాకు తెలుస్తుంది.

"వీడికి ఇంత చాలు" అన్న మాట నేను ఎన్నిసార్లు విన్నానో నీకు తెలియదు. బడిలో వెనక బెంచీ చాలన్నారు. తర్వాత బడే వద్దన్నారు. మొదటిసారి ఈతకు తీసుకుపోతే అక్కడి మేనేజర్ "చిన్న పిల్లల తొట్టి చాలు గదమ్మా" అన్నాడు. వాడికి అప్పుడు పదమూడేళ్లు. ఆ తొట్టిలో నీళ్లు వాడి మోకాళ్ల దాకా కూడా రాలేదు. వంగి, అరచేతులతో నీళ్లు కొట్టుకుంటూ నిలబడ్డాడు. చుట్టూ పిల్లలు నవ్వారు. ఆ రోజు ఇంటికొచ్చి నేను వంటింట్లో ఏడ్చాను. మర్నాడు మళ్లీ పోయాను. వారం రోజులు ఆ మేనేజర్ బల్ల ముందు కూర్చుంటే, చూడలేక మహిపాల్ సార్ వాణ్ణి పెద్ద పూల్‌లోకి దింపాడు. నెల రోజులు గోడ వదల్లేదు. రెండో నెల వదిలాడు. ఇప్పుడు బయటికి రమ్మంటే రాడు.

రోడ్డు మీద మెల్లగా, మెట్ల మీద మెల్లగా, తినేటప్పుడు మెల్లగా, మాట్లాడేటప్పుడు మెల్లగా. వాణ్ణి పట్టుకుని ఆ మాట అనని మనిషి లేడు, నాతో సహా. ఒక్క నీళ్లలోనే ఎవరూ అనరు. అక్కడ కూడా నేనే ఆ మాటంటే వాడు ఇంకెక్కడికి పోవాలి?

మహిపాల్ సార్ రాసిచ్చేశాడు. పై గుంపులో వేశారు. ఓడితే ఓడనీ, పూర్తిగా ఈది ఓడతాడు.

నీ బిడ్డే,
సుభాషిణి

తా.క. డప్పులోళ్లతో ఏం చెప్పుకుంటావో నువ్వే చెప్పుకో.

*

సుభాషిణికి,

ఉత్తరం అందింది. నీ కొడుకు, నీ ఇష్టం. నేను పోటీకి రాను.

మొగిలి

తా.క. ఆదివారం పోటీ ఎన్ని గంటలకు? ఊరికే అడుగుతున్నాను.

ఇంకో తా.క. వరంగల్ స్టేషన్‌లో దిగితే పూల్ దాకా ఆటోవాళ్లు ఎంత అడుగుతారు? యాకయ్యకు కావాలట.

*

శ్రీయుత మొగిలి గారికి,

వినయ్ రెండో స్థానంలో వచ్చాడు. అరచేయంత తేడా. ఖమ్మం కిరణ్ గోడ తాకాక వీడి చేయి తాకింది. జాతీయ పోటీలకు కిరణ్ పోతాడు, వీడు పోడు.

అది చెప్పడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. నేను నిన్ను చూశాను. రానన్నవాడివి, తెల్ల తువ్వాల తలకు చుట్టుకుని, పోటీకి ముందు బట్టలు మార్చుకునే గది దగ్గర వినయ్ చెవిలో ఏదో చెబుతున్నావు. నేను గ్యాలరీ దిగి, జనాన్ని తోసుకుని వచ్చేసరికి నువ్వు లేవు. వినయ్ మాత్రం నవ్వుతూ నిలబడ్డాడు. "తాత ఏమన్నడురా?" అంటే "చెప్పొద్దన్నడు" అన్నాడు. పోటీ అయ్యాక అడిగాను, ఇంటికొచ్చి అడిగాను, పాయసం పెట్టి అడిగాను. చెప్పొద్దంటే వాడు చెప్పడు, నీకు తెలుసు.

మళ్లీ మెల్లగా పొమ్మన్నావా? ఆపుకోమన్నావా? ఆ అరచేయి నీదేనా?

నిజం రాయి. నేను పై గుంపుకు పంపినందుకు ఓడాడా, నువ్వు చెవిలో ఊదినందుకు ఓడాడా? చేతికొచ్చిన బంగారు మెడల్ నేనే పోగొట్టానా అని రాత్రంతా కూర్చున్నాను. అది తేలేదాకా నాకు అన్నం సహించదు.

సుభాషిణి

తా.క. చిన్నమ్మను అడిగానని చెప్పు. ఆమెను మాత్రమే.

*

బిడ్డా సుభాషిణీ,

నన్ను "గారు" అనేంత కోపం వచ్చిందంటే నేను భయపడ్డాను. అన్నీ చెబుతాను. నాకు కోపం లేదు గానీ ఈసారి మన భాష వస్తే అది వేరే కారణం.

నేను చెడగొట్టడానికే వచ్చాను. నిజం. నెక్కొండలో పొద్దుటి రైలెక్కి వచ్చాను. వినయ్‌ని పట్టుకుని "తాతా, కడుపునొస్తుందని చెప్పు, నడిమి గుంపుల వెయ్యమని ఏడువు, అక్కడ మెల్లగ ఈదినా మెడల్ నీదే" అన్నాను. మా వాడు నా మాట కాదనడు గదా అన్న ధీమా.

వాడు నా మొహం చూశాడు. తర్వాత నా కాళ్లు చూశాడు. "తాతా, నువ్వు మెల్లగ నడువు. నేల తడిగున్నది, పడ్తవు. నేను మెల్లగ పోను" అన్నాడు.

అంతే అన్నాడు బిడ్డా. నాకు పౌరుషం వచ్చింది. కబడ్డీ కెప్టెన్ని, నన్ను మెల్లగా నడవమంటావా అని గిరుక్కున తిరిగి రెండు అంగలు వేశాను. మూడో అంగకు వెల్లకిలా పడ్డాను. వినయ్ నన్ను లేపి, పకపకా నవ్వి, "నేను చెప్పిన గద" అన్నాడు. వాచ్‌మన్ ఎల్లస్వామి వచ్చి నన్ను ఒక కుర్చీలో కూర్చోబెట్టి, కుర్చీతో సహా గది వెనక్కి మోసుకుపోయాడు. నేను చెప్పొద్దన్నది అది. పడ్డ సంగతి. వేరేది కాదు.

దవాఖానకు పోదామంటే పోటీ చూసేదాకా కదలనన్నాను. కిటికీ నుంచి చూశాను. బిడ్డా, వాడు దేన్నీ ఆపుకోలేదు. పోయేటప్పుడూ అదే జోరు, వచ్చేటప్పుడూ అదే జోరు. నేను ఒర్రుతుంటే ఎల్లస్వామి నా నోరు మూసిండు.

నువ్వు పంపినందుకు ఓడలేదు. నేను ఊదినందుకూ ఓడలేదు. మనిద్దరి మాటా వాడు వినలేదు. ఖమ్మం పిల్లగాడు వాని కన్న అరచేయి ముందు ఈదిండు, గంతే. ఆ ఓటమి వానిది. వానికి వదిలెయ్యి, మనం గుంజుకునుడు ఎందుకు?

నన్ను ఆటో ఎక్కిస్తుంటే తడి బట్టలతోనే ఉరికొచ్చిండు. ఏడుస్తడేమో అనుకున్న. "తాతా, రేపు సోమవారం. పూల్ బందు ఉంటదా?" అన్నడు. ఉంటదేమో అన్న. "ఎల్లస్వామన్నను తాళం అడుగుత. కిరణ్‌గాన్ని కొట్టాలె" అని మళ్ల లోపలికి ఉరికిండు. నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి బిడ్డా. కాలు నొప్పికి కాదు.

అన్నం తిను.

మొగిలి కాక

తా.క. కుడి కాలు మడమ పైన విరిగింది, కట్టు వేశారు. మీ చిన్నమ్మకు రైలు దిగుతుంటే ఎవడో తోశాడని చెప్పాను. నమ్మింది. నువ్వు చూడటానికి వచ్చినప్పుడు అదే చెప్పు. వినయ్‌ని మాత్రం తీసుకురాకు. నోరు మూసుకొమ్మంటే మూసుకుంటాడు గానీ, ఆమె ఎదురుగా నిలబెట్టి అడిగితే వాడికి అబద్ధం రాదు.

ఇంకో తా.క. వద్దులే, తీసుకురా. ఎట్లా పడ్డానో నేను చెప్పుకోవడం కన్నా వాడు నవ్వుతూ చెబితేనే బాగుంటుంది.