రేడియేటరుకు కట్టిన చీర

మే 18. వంట, ఉతుకు, కారు బాగుచేత అయ్యాయి.

తమ్ముడు అప్పలసూరికి, నువ్వు ఫోను ఎత్తవు కనుక ఈ కార్డు. నువ్వు కారు తిరిగిచ్చిన మర్నాడే అమ్మను కంటి డాక్టరు దగ్గరకు తీసుకెళ్తుంటే ఇంజను కాగి నడిరోడ్డు మీద ఆగిపోయింది. అమ్మ గంటసేపు ఎండలో నిలబడింది. ఇంటికి లాగించి, చల్లారాక నేనే చూశాను. నీళ్లు నిండుగా ఉన్నాయి, ఫ్యాను తిరుగుతోంది. రేడియేటరు ముందు మాత్రం పాత చీర కట్టి ఉంది.

"పోర్టు రోడ్డు బొగ్గు దూళి పడకుండా కట్టాడే, పాపం. గాలాడదని ఆడికేటి తెలుసు?" అంది అమ్మ. ఎండలో మాడిన మనిషే నిన్ను వెనకేసుకొస్తోంది. చీర విప్పాక ఇంజను చల్లగానే నడిచింది.

బుధవారం సెలవు పెట్టి నువ్వే అమ్మను డాక్టరుకు చూపించు, ఆటోలో. నువ్వు పట్టుకెళ్లిన నా పెద్ద గిన్నె తీసుకురా. పిల్లలకు ఆశీస్సులు.

అక్క కారివ్వదని ఎలమంచిలంతా చెప్పుకున్నావు. ఇచ్చాను. ఆ బాకీ తీరింది.

వరహాలమ్మ