సాలగ్రామం మునిగింది

1982 జూలై 14, బుధవారం

ఒళ్లు ఇంకా మండుతూనే ఉంది. మా బాలవాడిలో నాతోపాటు పనిచేసే కమల టీచరు తొట్టినిండా నీళ్లు పెట్టి, ఏది మునుగుతుందో ఏది తేలుతుందో ముందు పిల్లల చేత చెప్పించి, తర్వాత వేసి చూడమంటుంది. నాలుగేళ్ల పద్మ ఇంటికెళ్లి పూజలోని సాలగ్రామాన్ని బకెట్లో వేసి చూసింది. అదీ నేరం!

వాళ్ల తాత, గుడి ఆఫీసు గుమాస్తా, ఈరోజు పిల్లను ఈడ్చుకొచ్చాడు. "దేవుణ్ణి ముంచేది నేర్పిస్తా ఉండారా ఈడ?"

"దినామూ అభిషేకమని నువ్వూ నీళ్లు పోస్తా ఉండావు గదా స్వామీ!" అన్నాను.

"నేను పోస్తే మంత్రం ఉండాది!"

పద్మ మాత్రం సంబరంగా, "మునిగింది తాతా. మునుగుతాదని నేను ముందే చెప్పినా," అంది.

"మునగలేదు! మునగలేదని చెప్పు!" అని చెయ్యెత్తాడు.

పిల్ల కమల వైపు చూసింది. బాలవాడి కమిటీలో ఆ తాత మాటే చెల్లుతుంది. ఉద్యోగం పోతుందని కమల నోరు విప్పలేదు.

"మునగలేదు," అంది పద్మ.

పసిబిడ్డ కళ్లారా చూసినదాన్ని ఆ బిడ్డ నోటితోనే కాదనిపించి, దాన్ని భక్తి అంటాడు! తొట్టి పారేయమని చెప్పి మరీ పోయాడు. రేపు నేనే నింపుతాను, ఎవడు ఒలకబోస్తాడో చూస్తాను. కానీ పద్మను పంపినా, ఇక అది ఏం చూసిందో మాతో చెబుతుందా...