కామమ్మ నంబర్లు

6 ఫిబ్రవరి 2025, ఉదయం 6.10

ఫాస్టింగ్ 88.

ఎనభై ఎనిమిది! రెండేళ్ల కిందట ఇదే షుగరు మిషన్ మీద నా భార్య కామమ్మకి 240 చూశాను. అప్పుడు వాకాట్లో డాక్టరు అన్నం తగ్గించమన్నాడు. పొద్దున గోధుమరవ్వ, రాత్రికి చపాతీ అన్నాడు. మా ఇంట్లో చపాతీ చేయడం ఎవరికొచ్చు? కామమ్మ దుగరాజపట్నం పిల్ల. పళ్లు వచ్చినప్పటినుంచి తిన్నది అన్నం, చేపలు. నాకు అంతవరకూ పొయ్యి ముట్టించడమే రాదు. ఆర్టీసీలో ముప్పై ఒక్క ఏళ్లు టికెట్లు కొట్టిన చెయ్యి, రిటైరయ్యాక అప్పడాల కర్ర పట్టింది. మొదటి నెల నా చపాతీలు అట్టుకీ అప్పడానికీ మధ్యరకంగా వచ్చేవి. ఇప్పుడు పాత్ర మూత పెట్టి కోసినట్టు గుండ్రంగా వస్తాయి.

రాత్రికి రెండు. రెండేళ్లలో ఒక్క రాత్రి తప్పలేదు.

ఈ పుస్తకంలో నంబరు రాస్తే చాలు. కానీ స్టేజీ స్టేజీకీ షీటు నింపిన అలవాటు కదా, పక్కన నాలుగు మాటలు రాయకపోతే చెయ్యి ఊరుకోదు.

9 ఫిబ్రవరి

ఫాస్టింగ్ 84. గోధుమలు నేనే ఏరి, కడిగి, ఎండబెట్టి రంగనాయకులు పిండిమరలో దగ్గరుండి ఆడించాను. ఎంతసేపు నిలబడతావు మాల్యాద్రన్నా, కూర్చో అన్నాడు. ఇంకొకరి పిండి కలిస్తే నాకు నచ్చదు.

రాత్రి కామమ్మ రెండు తిని, చెంబెడు నీళ్లు తాగి, బాగుంది అంది. రోజూ అదే మాట.

20 ఫిబ్రవరి

ఫాస్టింగ్ 79. బిందు కావలి నుంచి వచ్చింది. మాకు ఒక్కతే కూతురు. అక్కడ కాలేజీలో పాఠాలు చెబుతుంది. గుమ్మంలోనే ఆగిపోయి, అమ్మ ఇట్టా అయిపోయిందేంది నాయనా అంది. నేను పుస్తకం తెచ్చి చూపించాను. 240 నుంచి 79 దాకా ఎట్లా దింపానో వేలు పెట్టి మరీ చూపించాను. అది పుస్తకం చూడలేదు. వాళ్లమ్మ జాకెట్టు చూసింది. రెండు వైపులా లోపలికి కుట్లు వేసుకుంది. అవి ఎప్పుడు వేసుకుందో నాకు తెలియదు.

బరువు చూశాం. 49. షుగరు వచ్చిన కొత్తల్లో 61.

కొవ్వు కరిగితే మంచిదే కదమ్మా అని కామమ్మే కొట్టిపారేసింది. నేనూ సరే అనుకున్నాను. అనుకోవాలని ఉంది కాబట్టి అనుకున్నాను.

2 మార్చి

ఫాస్టింగ్ 74. కడుపు ఉబ్బరం, మూడుసార్లు దొడ్డికి వెళ్లింది. ఎండురొయ్యలు పడలేదులే అంది. పోయిన వారం పెసరపప్పు పడలేదంది. అంతకుముందు వారం పెరుగు. నెలరోజుల్లో ఇంట్లో ఉన్న ప్రతి వస్తువు మీదా నేరం మోపింది. చపాతీ మీద తప్ప.

ఎండలు అప్పుడే ముదిరాయి. నేను రాత్రి రెండుసార్లు లేచి నీళ్లు తాగాను.

11 మార్చి, ఉదయం 5.40

58.

11 మార్చి, మధ్యాహ్నం

పొద్దున నంబరు తప్ప ఇంకేం రాయలేకపోయాను. లేపితే లేవలేదు. ఒళ్లంతా చెమట, చీర తడిసిపోయింది. మాట ముద్దగా వచ్చింది. నన్ను చూసి వాళ్ల నాయన పేరు పెట్టి పిలిచింది. వేలు పొడిస్తే 58. చక్కెర నోట్లో పోసి, నీళ్లు తాపించి, ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. పది నిమిషాలకి కళ్లు తెరిచి, ఏమయ్యా అట్టా చూస్తుండావు, బస్సు తప్పిపోయినట్టు అంది.

డాక్టరు షుగరు మాత్ర సగం చేశాడు. తిండి ఒంటికి పట్టడం లేదేమో, కడుపు చూపించండి అన్నాడు.

రెండేళ్లుగా నంబరు తగ్గితే గెలిచాననుకుంటున్నాను. తగ్గుతున్నది నంబరు కాదు, మనిషి. నాకు చాలా భయంగా ఉంది.

12 మార్చి

ఫాస్టింగ్ 97. బిందు ఫోన్లో ఏదో బుక్ చేసిందట. గట్ హెల్త్ ప్యాకేజీ. ఇంటికే వచ్చి రక్తం తీసుకుపోతారట. గట్ అంటే ఏందమ్మా అంటే కడుపు నాయనా అంది. ఆ మాట అట్లాగే రాయొచ్చు కదా!

14 మార్చి, ఉదయం 7.15

గూడూరు నుంచి వెంకటేష్ అనే అతను బండి మీద వచ్చాడు. చిన్న ఐసుపెట్టె తెచ్చాడు. కామమ్మకి నవ్వు ఆగలేదు. మా ఊళ్లో ఐసుపెట్టెలో చేపలు తెస్తారు నాయనా, నువ్వు నెత్తురు పట్టకపోతా ఉండావే అంది.

నరం దొరకలేదు. మూడుచోట్ల గుచ్చాడు. ఆమె హుషారుగానే ఉంది, నేనే గోడవైపు తిరిగాను. నాలుగు ట్యూబులు. రోజూ వేలు పొడిచి ఒక చుక్క చూస్తున్నాను కదా, అందులో ఇవన్నీ తెలియవా అని అడిగాను. ఆ చుక్క చక్కెర ఒక్కటే చెబుతుంది పెద్దాయనా, పేగుల సంగతి దానికేం తెలుసు అన్నాడు.

నేను ఏడువందల చుక్కలు చూశాను.

16 మార్చి

ఫాస్టింగ్ 91. రిపోర్టు ఫోన్లోకే వచ్చింది. సగం ఎర్ర అక్షరాలు. హిమోగ్లోబిన్ 7.9. ఐరన్ లేదు, బీ ట్వెల్వ్ లేదు. చివర్లో నోరు తిరగని పేరొకటి. పది లోపు ఉండాలట, కామమ్మకి 140.

బిందు ఫోన్ చేసింది. నీ తప్పేం లేదు నాయనా అని మొదలుపెట్టింది. అప్పుడే తెలిసింది, తప్పు నాదని.

గోధుమలో గ్లూటెన్ అని ఒకటి ఉంటుందట. నూటికో కోటికో ఒకరికి అది పడదు. లోపల పేగు పుండైపోతుంది. తిన్నది ఒంటికి పట్టదు. అమ్మ పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి గోధుమ పెద్దగా తినలేదు కాబట్టి బయటపడలేదేమో అంది. రెండేళ్ల నుంచి రోజుకి రెండు పూటలు పెట్టింది నేను. ఏరి, కడిగి, దగ్గరుండి ఆడించి మరీ పెట్టాను.

16 మార్చి, సాయంత్రం

పిండి డబ్బా అటక మీదికి ఎక్కించాను.

18 మార్చి

నెల్లూరు వెళ్లాం. కడుపు డాక్టరమ్మ బిందు వయసే ఉంటుంది. ఇంట్లో తీయించిన రక్తం దారి చూపించింది అంతే, ఖాయం చేయాలంటే గొట్టం వేసి పేగు ముక్క తీసి చూడాలి అంది. డేటు 31న దొరికింది.

ఆ తర్వాత అన్న మాట విని నేను కుర్చీలోంచి లేచాను. అప్పటిదాకా గోధుమ ఆపకూడదట. ఆపితే పుండు మానడం మొదలవుతుంది, పరీక్షలో దొరకదు, జబ్బు లేదని వచ్చినా వస్తుంది అంది. పడదని తెలిసి ఎట్టా పెట్టేదమ్మా నా చేత్తో అన్నాను. పదమూడు రోజులే పెద్దాయనా, జీవితాంతం సంగతి తేలాలి కదా అంది.

బస్సులో కామమ్మ నా చెయ్యి మీద చెయ్యి వేసింది. రెండేళ్లు తిన్నా, పదమూడు రోజులు తినలేనా అంది.

19 మార్చి

ఫాస్టింగ్ 90. అటక మీంచి డబ్బా దించాను. రెండు చేశాను. తింది. బాగుంది అంది.

21 మార్చి

ఫాస్టింగ్ 86. ఈ రాత్రి చపాతీలు వంకరగా వచ్చాయి. చెయ్యి తిరగలేదు.

23 మార్చి

ఫాస్టింగ్ 88. ఈ రోజు ఒక దొంగపని చేశాను. రాసుకుంటేగానీ ఊపిరాడదు.

బియ్యప్పిండిని వేడినీళ్లతో కలిపి, రంగు కోసం రవ్వంత రాగిపిండి వేసి రొట్టెలు చేశాను. ఒక్క పూట ఆమె కడుపుకి సెలవు ఇద్దామనుకున్నాను. డాక్టరమ్మ మాట గుర్తుంది. అయినా చేశాను.

కామమ్మ ఒక ముక్క నోట్లో పెట్టుకుని ఆగింది. రొట్టె వైపు చూసింది. ఒకటి తినేసింది, రెండోదీ తినేసింది. నీళ్లు తాగలేదు. కంచం నావైపు జరిపి, ఇంకొకటి వెయ్ అంది.

రెండేళ్లలో మూడోది అడగడం ఇదే మొదలు. నా మొహం చూసి ఆమెకి అనుమానం వచ్చింది, ఆమె మొహం చూసి నాకు వచ్చింది. ముందు నేను ఒప్పుకున్నాను, ఇది బియ్యప్పిండి అని. తర్వాత ఆమె ఒప్పుకుంది. నా చపాతీ ఆమెకి ఒక్కనాడు కూడా నచ్చలేదట. గొంతు దిగక నీళ్లతో మింగేదట.

మరి రెండేళ్లు ఎందుకు చెప్పలేదే అని అరిచాను. ఎట్టా చెప్పేదయ్యా అంది. చెమటలు కక్కుకుంటా పొయ్యికాడ నిలబడి, గుండ్రంగా వచ్చిందా చూడు కామా అని చిన్నపిల్లోడి మాదిరి అడిగినావే, అప్పుడు ఎట్టా చెప్పేది? నా కోసం నువ్వు పొయ్యి ముట్టించింది ఈ జన్మకి అదొక్కటే కదా అంది.

ఆ తర్వాత తిట్టింది చూడు! డాక్టరమ్మ అంత చెప్పినా ఈ దొంగ యవ్వారమేంది, పరీక్ష తప్పు వస్తే మళ్లా ఎవరు గొట్టం వేయించుకునేది, నువ్వా అంది. లేచి పిండి పిసుకు అంది. పిసికాను. గోధుమ చపాతీ రెండు, నా కళ్ల ముందే తింది. ఈసారి బాగుంది అనలేదు. మొహం చిట్లించి, గడ్డిలా ఉండాదయ్యా అంది.

ఎందుకో నవ్వొచ్చింది. ఇద్దరం చాలాసేపు నవ్వాం. తర్వాత పీట కడుగుతుంటే నాకు ఏడుపొచ్చింది.

31 మార్చి

గొట్టం వేశారు. నన్ను బయట కూర్చోబెట్టారు. ఇన్నేళ్లు బస్సులో ఎంతమందిని కూర్చోబెట్టానో, ఎక్కడికక్కడ దించానో. కూర్చోవడం ఇంత కష్టమని తెలియదు.

8 ఏప్రిల్

ఖాయమైంది. సీలియాక్ అట. ఇక జన్మలో గోధుమ, రవ్వ, మైదా, బిస్కెట్టు ముట్టకూడదు. డబ్బా ఇంగువలో కూడా గోధుమపిండి కలుపుతారట, చారులో అదీ మానాలి. అన్నం కొలిచి తినొచ్చు. రాగి సంగటి తినొచ్చు. మొన్న దొంగరొట్టె సంగతి ఒప్పుకుంటే డాక్టరమ్మ నవ్వి, ఒక్క పూటకి ఏం కాలేదులే అంది.

ఇంకో మాట చెప్పింది. పేగు మానేకొద్దీ తిండి ఒంటికి పడుతుంది, షుగరు నంబరు పెరుగుతుంది, భయపడొద్దు, మాత్ర నేను చూసుకుంటా అంది. అంటే ఇక నంబరు పెరిగితే నేను సంతోషించాలన్నమాట. ముసలితనంలో కొత్త లెక్క.

పిండి డబ్బా రంగనాయకులుకి ఇచ్చేశాను. పీట, కర్ర కూడా.

9 ఏప్రిల్

ఫాస్టింగ్ 94. మధ్యాహ్నం కప్పు కొలిచి అన్నం, మామిడికాయ వేసి కానాగంత చేపల పులుసు. కామమ్మ కలుపుకుని, మొదటి ముద్ద నోటిదాకా తీసుకుపోయి, కాసేపు అట్లాగే పట్టుకుంది. తర్వాత తింది. నేను గిన్నెలో మిగిలిన అన్నమంతా ఊడ్చి తిన్నాను. సంతోషానికి కొలత ఎందుకు?

2 మే

ఫాస్టింగ్ 118. బరువు 51. నూట పద్దెనిమిది చూసి చప్పట్లు కొట్టిన మొగుడు ఈ వాకాడు మొత్తం మీద నేనొక్కడినే అయ్యుంటాను.

19 మే

ఫాస్టింగ్ 126. బరువు 53. జాకెట్టు కుట్లు విప్పుకుంటూ కూర్చుంది. నేను కిటికీ దగ్గర మూడో చెంబు నీళ్లు తాగుతున్నాను. ఏందయ్యా ఆ దాహం, రాత్రి కూడా నాలుగుసార్లు లేచినావు అంది. ఎండలే అన్నాను. గుండ్రాయిలా ఉన్నాను, నాకేం.

ఆమెకి బరువు తిరిగొస్తుంది. ఆ రెండేళ్లు నేను ఎట్లా తిరిగి ఇస్తాను?

8 జూన్

రాసేది కామమ్మ. ఏడో తరగతి దాకా చదివినా.

ఈ పుస్తకం మొత్తం చూసినా. తప్పు నాదని రాసుకున్నాడు, పిచ్చి మనిషి. నాకు పడనిది గోధుమ, నువ్వు కాదు.

పొద్దున ఈయన నిద్రలేవకముందే వేలు పట్టుకొని పొడిచినా. వీధంతా వినపడేట్టు అరిచినాడు. రెండేళ్లు రోజూ నన్ను పొడిచినోడు.

ఈయన ఫాస్టింగ్ 212.

ఈ రాత్రి నుంచి రాగి సంగటి, ఇద్దరికీ. నేనే చేస్తా. బాగలేకుంటే బాగలేదని చెప్పాల.