వెనక గదిలోకి సిగ్నల్

ఏవండీ,

మన సుధకి చెన్నైలో గుండె ఆపరేషన్ అయింది. బాగానే ఉందని అల్లుడు ఫోన్ చేశాడు. అత్తయ్య నమ్మలేదు. "వాడప్పుడూ బాగానే ఉన్నాడన్నారుగా" అని మీ సంగతెత్తి, అన్నం ముట్టకుండా గోడవైపు తిరిగి పడుకున్నారు.

నాకూ అదే భయం. కంప్యూటర్లో చూపిద్దామంటే వెనక గదిలో ఆవిడ మంచం దాకా వైర్‌లెస్ అందదు. నెట్ వాళ్ళని బతిమాలితే, గన్నవరంలో పని ఆపుకుని ఒకాయన వచ్చారు. "పాత గోడలండీ, హాల్లో పెట్టె ఒక్కటే చాలదు" అని వంటింటి గుమ్మం మీద ఇంకోటి బిగించారు.

లాప్‌టాప్ అత్తయ్య ఒళ్ళో పెట్టాను. సుధ మొహం కనిపించి, అలాగే ఆగిపోయింది. కళ్ళు సగం మూసి ఉన్నాయి. చివరిసారి చూసినప్పుడు మీ కళ్ళూ అలాగే ఉన్నాయి. అత్తయ్య నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. "కంగారు పడకండమ్మా, ఇప్పుడే పెట్టాం కదా, కుదురుకుంటుంది" అంటున్నారాయన.

అంతలో బొమ్మ కదిలింది.

"నానమ్మా, అన్నం తిన్నావా?" అంది నీరసంగా.

"తింటానే తల్లీ" అన్నారు అత్తయ్య ఏడుస్తూనే.

"అమ్మేదీ?"

నా ఒళ్ళంతా ఒకటే వణుకు. అది చూస్తే బెంగ పెట్టుకుంటుందని దాని కళ్ళబడకుండా గుమ్మం పక్కన నిలబడి, "ఇక్కడే ఉన్నానమ్మా" అన్నాను.