ఏడింటికల్లా వచ్చేస్తున్న దిమానా విషయం

గోర్నో లివాదె పట్టణ ఉపాధి అధికారి గారి సముఖమునకు, మిరప పచ్చడి సీసాల ఫ్యాక్టరీ యజమాని బోజిదార్ త్సోనెవ్ వ్రాయించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: వికలాంగుల కోటాలో నియమించిన కుమారి దిమానా గెంచెవా, వయస్సు ఇరవై మూడు, రోజూ పనికి వచ్చుచున్నందున నాకు కలుగుచున్న ఇబ్బంది గురించి.

1. నా ఫ్యాక్టరీలో అరవై మంది పనిచేయుచున్నారు. ఇంతమంది ఉన్నచోట వికలాంగులలో ఒకరికైనా ఉద్యోగం ఇవ్వనిచో జరిమానా తప్పదు. చట్టమనిన నాకు భక్తి. కావున గత మార్చిలో దిమానా పేరు రాసుకొంటిని. పుట్టినప్పటి నుండి ఆమెకు కాళ్ళు స్వాధీనంలో లేవు. రెండు చంకకర్రలు, మాట ముద్దముద్దగా వచ్చును. వాళ్ళమ్మతో స్పష్టంగానే చెప్పితిని: "జీతం నెలనెలా బ్యాంకులో పడుతుందమ్మా. పిల్లని ఇంటిపట్టునే ఉంచుకో, ఇటు రానక్కర్లేదు." ఈ ముక్క రాయకు.

2. మరునాడు ఏడింటికి ఐదు నిమిషాలుండగానే గేటు దగ్గర నిలబడి ఉన్నది. సంచిలో రొట్టె, జున్ను. "ఎందుకొచ్చావమ్మాయ్?" అంటే, "ఉద్యోగం ఇచ్చారు కదా సార్," అన్నది. ఆ నాలుగు మాటలు ఆమె పలికేలోగా నేను ఒక సిగరెట్టు కాల్చేయవచ్చును. ఆఫీసు పనిలో డిప్లొమా కూడా ఉన్నదట. ఉంటే ఉండనీ, ఎవరడిగారు?

3. పని ఏదీ ఇవ్వలేదు. విసుగొచ్చి మానుతుందనుకొంటిని. మానలేదు. జూన్‌లో కుర్చీ తీయించితిని. అప్పటి నుండి గోడకు ఆనుకొని నిలబడుచున్నది. మరుగుదొడ్డి మేడమీద ఉన్నది గదా, ఆ మెట్లైనా ఇంటికి పంపునని ఆశపడితిని. ఆమె పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీళ్ళు తాగడమే మానేసింది. దీనిపై మా మేస్త్రీ కోల్యో నాతో తగువుకు వచ్చినాడు.

"పాపం తగుల్తుంది సార్. ఓ స్టూలు వేసి, అంటించడానికి నాలుగు లేబుళ్ళు ఆ పిల్ల ముందు పడేస్తే మన సొమ్మేం పోయింది?"

"అంత జాలిగా ఉంటే మీ ఇంటికి తీసుకెళ్ళి అక్కడ అంటించుకోరా," అంటిని.

4. అక్టోబరు ఇరవై ఆరు ఆమె నామదినం, అనగా ఆమె పేరుగల పునీతుని పండుగ. చాక్లెట్ల పెట్టె తెచ్చి అరవై మందికీ పంచినది. ఆ రోజున తోటి పనివాళ్ళ నోరు తీపి చేయడం మన ఆనవాయితీయే. కాని ఆమెకు తోటి పనివాళ్ళెవరు? అందరూ బుగ్గల మీద ముద్దు పెట్టి నిండు నూరేళ్ళు బతకమన్నారు. నేనూ ఒకటి తీసుకొంటిని. లోపల చెర్రీపండు ఉన్నది. ఆ రోజు నుండి ప్యాకింగు ఆడవాళ్ళు నాతో మాట్లాడడం మానేశారు.

5. అధికారి గారూ, నేను చెడ్డవాడిని కాను. తెల్లారి కిటికీలోంచి ఆ చంకకర్రలు కనబడితే చాలు, పరదా లాగేసుకొంటున్నాను. ఇదీ రాయకు. తమ అనుమతి లేనిదే ఆమెను తీసెయ్యకూడదట. కావున ఆ అనుమతి ఇప్పించి, ఆమె స్థానంలో ఇంకాస్త ఎక్కువ వైకల్యం గలవారిని, వీలైతే మంచం దిగలేనివారిని దయచేయ ప్రార్థన.

మా టైపిస్టు స్తోయ్‌నా పురిటికి వెళ్ళినందున అర్జీలో తప్పులున్న మన్నించగలరు. శీతకాలం వచ్చుచున్నది. ఈ పిల్ల మంచులో కూడా వచ్చేలా ఉన్నది. కావున సత్వరమే చిత్తగించవలెను.

తమ విధేయుడు,
బోజిదార్ త్సోనెవ్

తా.క.: అయ్యా, ఇది టైపు చేసింది నేను, దిమానాని. స్తోయ్‌నా లేదని నన్ను పిలిచి, కుర్చీ వేయించి, "నేను చెప్పింది చెప్పినట్టు కొట్టు, నీ తెలివి చూపించకు," అన్నారు. అలాగే కొట్టాను. రాయకు అన్నది కూడా చెప్పిందే కదా. ఆయన చదవకుండా సంతకం పెట్టి భోజనానికి వెళ్ళారు. వెళ్తూ కుర్చీ తీసెయ్యమన్నారు, అందుకని ఈ నాలుగు మాటలు నిలబడి కొడుతున్నాను. ఎనిమిది నెలల్లో నాకు అప్పగించిన మొదటి పని ఇది. రెండుసార్లు సరిచూశాను. తప్పులు లేవు.

దిమానా గెంచెవా,
టైపిస్టు