లారీ పుస్తకం అమ్మొద్దు

హైమా,

నాను షెడ్డుకెళ్తన్నాను. పోర్టు లారీ ఒకటి గేరుబాక్సు విప్పేసి పడుంది. అన్నం మూతేసి ఉంచాను, తినెయ్.

పాత పేపర్లోడొస్తే లారీ రిపేరు పుస్తకం ఇచ్చెయ్యకు. అంతా సీడీలో ఉందన్నావు, నిజమే. నిన్న నువ్వు కాలేజీకెళ్లాక గంటసేపు కంప్యూటరు ముందు కూర్చున్నాను. పార్టు పేరు చదివి నొక్కితేగానీ బొమ్మ రాదు. నాకు ఇంగ్లీషు రాదమ్మా. పుస్తకంలోనైతే బాగా నల్లబడిన పేజీ గేరుబాక్సుది, అంచు చిరిగిన పేజీ క్లచ్చుది. ఇరవయ్యేళ్లుగా నా చేతి గ్రీజు మరకలు చూసుకునే నెట్టుకొచ్చాను. సీడీలో పేజీలన్నీ తెల్లగానే ఉన్నాయి. విసుగొచ్చి కట్టేశాను.

షెడ్డులో ఈ సంగతి ఎవరికీ తెలీదు.

నాన్న

సాయంత్రం ఖాళీ ఉంటే, ఆ నల్ల పేజీలో ఏటి రాసుందో ఓపాలి చదివి సెప్పు.