తుపాకీ అప్పజెప్పబోయి ముద్దాయిలైన ఇద్దరి గురించి

ఏలూరు,
తేది: 15-09-2025, సోమవారం.

శ్రీయుత జిల్లా కలెక్టరు మరియు జిల్లా మేజిస్ట్రేటు వారి సముఖమునకు, షేక్ జహీరా, భర్త లేటు రఫీ, వయస్సు 43 సంవత్సరములు, వృత్తి కుట్టుపని, ఏలూరు నివాసి, వ్రాసుకొనిన అర్జీ.

విషయం: లైసెన్సు లేకుండా లోడు చేసిన తుపాకీ తీసుకువెళ్ళిన నేరము – ఆయుధ చట్టము కింద కేసు – ప్రాసిక్యూషనుకు తమ అనుమతి నిరాకరించుట, లేదా ముద్దాయి-2 ఆటో డ్రైవరు బుచ్చయ్య పేరునైనా తొలగించుట – ప్రార్థన.

అయ్యా,

1. పై కేసులో ముద్దాయి-1 నేను. ముద్దాయి-2 బుచ్చయ్య గారు, కొల్లేరు లంక గ్రామ నివాసి, వయస్సు 58. మా ఇద్దరి మీద ఆయుధ చట్టము సెక్షను 25 కింద కేసు నమోదైనది. రుజువైనచో రెండేళ్ళకు తక్కువ కాకుండా ఐదేళ్ళ వరకు జైలు అని, ప్రత్యేక కారణములు జడ్జి గారికి తోస్తే తప్ప అంతకు తగ్గదని, ఉచిత న్యాయ సహాయము కింద మాకు ఇచ్చిన లాయరు సలోమి గారు తెలియజేసినారు. అదే చట్టము సెక్షను 39 ప్రకారము జిల్లా మేజిస్ట్రేటు వారి అనుమతి లేనిదే ఈ కేసు నడవదని కూడా ఆమే చెప్పినారు. మాకు మిగిలిన తలుపు తమరిది ఒక్కటే.

2. సదరు తుపాకీ నా తండ్రి షేక్ రసూల్ గారిది. ఉంగుటూరు వైపు ఒక రైతు గారి వరి చేలకు ముప్పై ఒక్క సంవత్సరము కాపలా ఉన్నారు. అడవి పందులను బెదిరించుటకు పంట రక్షణ లైసెన్సు మీద ఒంటిగొట్టం తుపాకీ ఆ రైతు గారే ఇప్పించారు. లైసెన్సు పుస్తకములో ఏ తప్పూ లేదు. ఆయన ఎవరినీ, ఏ జంతువునూ చంపినట్లు నేను వినలేదు. గాలిలోకి పేల్చేవారు.

3. నాలుగేళ్ళ క్రితం ఆయనకు మతిమరుపు వచ్చి, ఒంటరిగా ఉండలేక ఏలూరులో నా ఇంటికి వచ్చినారు. తుపాకీ కూడా వచ్చినది. గత నవంబరులో ఆయన చనిపోయినారు. యజమాని చనిపోయిన తరువాత తుపాకీ ఇంట్లో ఉంచుకొనుట నేరమని మా వీధిలో ఒక రిటైర్డు మాస్టారు చెప్పగా, అప్పటి నుండి దానిని అప్పజెప్పుటకు తిరిగినాను.

4. మొదటిసారి మా దగ్గరి స్టేషనుకు (పేరు వ్రాయను, వారితో నాకు తగాదా లేదు) వెళ్ళగా మరణ ధ్రువపత్రము తెమ్మన్నారు. తెచ్చినాను. కుటుంబ సభ్యుల ధ్రువపత్రము తెమ్మన్నారు. దానికి మూడు నెలలు పట్టినది. అదీ తెచ్చినాను. అప్పుడు రైటరు గారు లైసెన్సు పుస్తకము తిరగేసి, "ఇది ఉంగుటూరు సైడు అడ్రసు కదమ్మా, మేం తీసుకోకూడదు. అక్కడే ఇవ్వాలండీ" అన్నారు. ఎవరి పేరు మీద ఉన్నా దగ్గరి స్టేషనులో ఇవ్వవచ్చని చట్టము సెక్షను 21లో ఉన్నదట. ఈ సంగతి నాకు రిమాండు నుండి వచ్చిన తరువాత తెలిసినది.

5. ది. 18-06-2025న ఉదయం బుచ్చయ్య గారి ఆటోలో బయలుదేరినాము. బుచ్చయ్య గారు నా భర్తకు స్నేహితులు. లంక నుండి చేపలు, బాతులు ఏలూరు మార్కెట్టుకు వేసి, తిరుగు ప్రయాణములో ఎవరు పిలిస్తే వారిని ఎక్కించుకుంటారు. నా భర్త పోయిన తరువాత మా నాన్నగారిని ఆసుపత్రికి తిప్పినది ఆయనే. నేను బస్సులో వెళతానంటే, "తుపాకీ పట్టుకుని బస్సెక్కితే జనం హడలిపోతారమ్మా. నేను తీసుకెళ్తానులే" అన్నారు. పాత దుప్పటిలో చుట్టి గోనెపట్టాతో కట్టిన మూటను ఎత్తి ఆటోలో పెట్టినది కూడా ఆయనే.

6. ఉంగుటూరు వైపు స్టేషనుకు వెళ్ళగా, ఎస్.ఐ. గారు బందోబస్తుకు వెళ్ళినారు, సామాను గది తాళము వారి వద్దనే ఉన్నదన్నారు. నేను కాగితాలు పట్టుకుని నిలబడి ఉంటే బుచ్చయ్య గారే ముందుకు వచ్చి, "ఏవండీ, ఆడమనిషి ఏడు నెలల నించి తిరుగుతుందండీ. తుపాకీ పెట్టుకుని ఓ చీటీ ఇచ్చేయండి బాబూ" అని అడిగినారు. చీటీ ఇచ్చే అధికారము తనకు లేదని, లైసెన్సు ఉన్న ఆయుధముల దుకాణములో కూడా డిపాజిటు చేయవచ్చని, తాడేపల్లిగూడెములో ఒకటి ఉన్నదని కానిస్టేబులు గారు చెప్పినారు. మంచికే చెప్పినారు.

తాడేపల్లిగూడెములో దుకాణము కనుక్కొనుటకు గంట పట్టినది. బోర్డు ఉన్నది. షట్టరు వేసి ఉన్నది. పక్కన టీ కొట్టు ఆయన, "రెండేళ్ళయిందండీ మూసేసి. ఓనరు గారు పోయారు. లోపల సరుకంతా పోలీసోళ్ళు పట్టుకెళ్ళారు" అన్నారు. ఆ చనిపోయిన ఆయన తుపాకులను పోలీసులు తీసుకున్నారు, మా నాన్నది మాత్రం ఎందుకు తీసుకోరని బుచ్చయ్య గారు నన్ను అడిగినారు. టీ తాగి వెనక్కు బయలుదేరినాము.

7. సాయంత్రం నాలుగు గంటలకు భీమడోలు దాటిన తరువాత హైవే మీద వాహనాల తనిఖీ జరుగుచున్నది. ఎ.ఎస్.ఐ. గారు ఆటో ఆపించి మూటలో ఏమిటని అడిగినారు. నేను దాచలేదు.

"తుపాకీ అండీ. అప్పజెప్పడానికి తీసుకెళ్ళామండీ. ఎవరూ తీసుకోలేదండీ."

"ఎవరిదమ్మా?"

"మా నాన్నగారిదండీ."

"ఆయనేరి?"

"పోయారండీ."

కాగితాలన్నీ చూపినాను. ఆయన ఓపికగానే చూసినారు. వదిలేస్తారనుకున్నాను. మూట విప్పించి, తుపాకీని రోడ్డు కిందికి తీసుకెళ్ళి, గొట్టము పొలం వైపు తిప్పి, గొట్టము మొదట్లో ఏదో నొక్కి మధ్యకు వంచినారు. అది అలా వంగుతుందని కూడా నాకు తెలియదు. లోపల తూటా ఉన్నది. ఆయన నా వైపు చూసి, "లోడై ఉందమ్మా" అన్నారు. గట్టిగా కూడా అనలేదు.

అయ్యా, ఎఫ్.ఐ.ఆర్.లో ఆ తరువాత "ముద్దాయిలు తడబడినారు" అని ఉన్నది. నిజమే. ఎందుకు తడబడినామో అందులో లేదు. పొద్దుటి నుండి ఆ తుపాకీ మడమ నా పాదాల దగ్గర, గొట్టము కొస బుచ్చయ్య గారి సీటు వెనక ఆనించి ఉన్నది. మధ్యలో రెక్సిను, స్పాంజి మాత్రమే. ఎనభై కిలోమీటర్లు. గోతులు వచ్చినప్పుడల్లా మూట జారిపోకుండా నేను మోకాళ్ళతో నొక్కి పట్టుకున్నాను. బుచ్చయ్య గారు తల మీది తువ్వాలు తీసి రోడ్డు అంచున కూర్చుని, "నా వీపుకే ఉందా అమ్మా?" అని అడిగినారు. అంతకు మించి ఒక్క మాట అనలేదు. ఈరోజు వరకు అనలేదు.

కావున ఆ ఎ.ఎస్.ఐ. గారి మీద నాకు ఫిర్యాదు లేదు. ఆయన ఆపకపోతే ఏమయ్యేదో నాకు తెలుసు.

8. ఎఫ్.ఐ.ఆర్.లో ఉన్న మరొక సంగతి. ఆటోలో వల ముక్క, తెల్లటి ఈకలు దొరికినవి కావున, కొల్లేరు అభయారణ్యములో పక్షులను వేటాడు ఉద్దేశముతో వెళ్ళుచున్నామని వ్రాసినారు. ఆ ఈకలు పెంపుడు బాతులవి. ఆ వేకువనే ఇరవై బాతులను మార్కెట్టులో దింపినారు. ఈకలను పరీక్షకు పంపినారట, రిపోర్టు రాలేదు.

9. తూటా గురించి. ఈ పేరా వ్రాయవద్దని సలోమి గారు చెప్పినారు. "ఇది రాస్తే మీకే దెబ్బండీ. తెలియదు అన్నంతవరకు చెప్పి వదిలేయండి" అన్నారు. ఆమె నా మేలు కోరే చెప్పినారు. కానీ తమరికి తెలియకుండా తమరిని అడుగుట నాకు చేత కాలేదు.

మా నాన్నగారు ఆఖరి సంవత్సరములో అన్నం తినేవారు కాదు. మధ్యాహ్నము పూట లేచి కూర్చుని, "పందులు పడ్డాయి జహీరా, తుపాకీ ఏదే?" అని అడిగేవారు. ఇది ఏలూరు నాన్నా, ఇక్కడ చేలు లేవు అంటే ఏడ్చేవారు. ఒకరోజు విసిగిపోయి తుపాకీ తెచ్చి ఒళ్ళో పెట్టినాను. వెంటనే స్థిమితపడినారు. ఒక చెయ్యి దాని మీద వేసుకుని, నేను పెట్టిన అన్నమంతా తిన్నారు. ఆ తరువాత రోజూ అలాగే ఇచ్చేదాన్ని. తూటాల డబ్బా ఖాళీగా ఉండుట చూసి, అన్నీ ఎప్పుడో అయిపోయినవనుకున్నాను. ఒకటి ఆయన జేబులోనో, దిండు కిందనో ఉండి ఉంటుంది. ఏ రోజున లోపల పెట్టినారో నాకు తెలియదు. కుట్టుమిషను శబ్దములో నాకు వినబడలేదు.

ఆయన పోయిన తరువాత తుపాకీని నా కూతురు షిఫా మంచము కింద పెట్టినాను. ఆ పిల్ల వట్లూరులో డిగ్రీ రెండో సంవత్సరము చదువుచున్నది. ఏడు నెలలు దాని మీదే పడుకున్నది. నేను చేసిన తప్పు ఇది. ఇది ఏ సెక్షను కింద వస్తుందో సలోమి గారు చెప్పలేదు.

10. నేను, బుచ్చయ్య గారు చెరి పదకొండు రోజులు రిమాండులో ఉన్నాము. బెయిలు వచ్చినది. ఆటో రాలేదు. స్టేషను ఆవరణలో ఎండకు, వానకు ఉన్నది. ఆయన ఈ వయసులో చేపల చెరువుల మీద వల లాగే కూలికి పోవుచున్నారు. మెడ వరకు నీళ్ళలో నిలబడాలి. ఆయన భార్య రాజ్యం గారు ఒకసారి మా ఇంటికి వచ్చినారు. తిడతారని తలుపు దగ్గరే నిలబడినాను. ఆమె లోపలికి వచ్చి కూర్చుని, "మా ఆటో ఎక్కినందుకు నువ్వు జైలుకెళ్ళావా, నీ మూట ఎక్కించుకున్నందుకు ఆయనెళ్ళారా అని మా లంకలో అడుగుతున్నారు జహీరా. ఏం చెప్పమంటావు?" అన్నారు. కోపముగా కాదు, నిజముగానే అడిగినారు. నేను మంచినీళ్ళు ఇచ్చినాను.

11. కోర్టు దగ్గర తిరిగే ఒక పెద్దమనిషి బుచ్చయ్య గారితో, మూటలో ఏమున్నదో నాకు తెలియదు అని చెబితే మీరు బయటపడవచ్చునని అన్నారు. నేను కూడా బతిమాలినాను. కుట్టుమిషను సామాను అని నేను అబద్ధము చెప్పినట్లు చెప్పండి బాబాయి గారూ, నేను ఒప్పుకుంటానని అన్నాను. ఆయన, "స్టేషనులో వాళ్ళని అడిగింది నేనే కదమ్మా, తుపాకీ పెట్టుకోండి బాబూ అని. తెలియకుండా ఎలా అడిగానంటారు?" అన్నారు. ఆయనకు తెలుసు. తుపాకీ అని తెలుసు, లోడై ఉన్నదని తెలియదు. నాకు తెలిసినది కూడా అంతే.

12. కావున నా ప్రార్థన. తుపాకీ నా ఇంట్లో ఉన్నది, నా చేతితో పట్టుకున్నాను, లైసెన్సు లేదు. తమరికి తప్పదనిపిస్తే నా మీద అనుమతి ఇవ్వండి. షిఫాను మా ఆడపడుచు మునీరా చూసుకుంటానన్నది. బుచ్చయ్య గారి పేరు మాత్రము తీసివేయండి. ఆయన చేసినది ఒక ఆడమనిషిని పోలీసు స్టేషనుకు తీసుకువెళ్ళుట. అందుకు శిక్ష పడితే రేపు ఎవరి ఇంట్లో ఇటువంటి వస్తువు ఉన్నా, అప్పజెప్పుటకు ఎవరూ తోడు రారు, కాలవలో పడేస్తారు.

ఇందులో వ్రాసినది మొత్తము నిజము. తమరు తీరిక చేసుకుని చిత్తగించవలెనని రెండు చేతులు జోడించి కోరుకొనుచున్నాను.

తమ విధేయురాలు,
షేక్ జహీరా

తా.క. పైది ఇంటి దగ్గర రాసినదండీ. ఇది ఇక్కడ తమ ఆఫీసులో, క్యూలో నిలబడి రాస్తున్నాను. టోకెను రావడానికి ఇంకా టైము ఉందని ఈ కేసు కాగితాలు చూసే సెక్షనులో సంగతి అడిగాను. ఒక గుమస్తా గారు కుర్చీ చూపించి, కంప్యూటరులో వెతికి, "అనుమతి ఉత్తర్వు మొన్న గురువారమే వెళ్ళిపోయిందమ్మా. రెండు పేర్లూ ఉన్నాయండీ. ఇంక ఏదున్నా కోర్టులోనే" అన్నారు. అర్జీ ఇప్పుడు ఇచ్చినా ఉపయోగం లేదన్నారు. పాపం, ఆయన మర్యాదగానే చెప్పారు. తమరూ ముందున్న కాగితాలు చూసే సంతకం పెట్టి ఉంటారు.

బుచ్చయ్య గారు నాతో వచ్చారండీ. కూలి మానుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చారు. తమ గది తలుపుకు ఎదురుగా బల్ల మీద కూర్చున్నారు. గుమస్తా గారు చెప్పింది ఆయనకు చెప్పడానికి వెళ్ళాను గానీ నోరు రాలేదు. "కలెక్టరు గారు ఒకసారి పూర్తిగా చదివితే చాలమ్మా, ఆయనకి అర్థమవుద్ది" అంటున్నారు. తలుపు తెరిచినప్పుడల్లా మెడ చాపి లోపలికి చూస్తున్నారు.

అందుకని అడుగుతున్నాను. నేను ఈ కాగితం ఇచ్చినప్పుడు వెంటనే పక్కవారికి ఇచ్చేయకండి. ఒక రెండు నిమిషాలు చేతిలో పెట్టుకుని చదవండి. చదవడానికి తీరిక లేకపోతే చూస్తున్నట్టు ఉన్నా సరే. ఆయన అక్కడి నించి చూస్తుంటారు. మిగతాది బయటికి వెళ్ళాక నేను చెప్పుకుంటానండీ.